పెద్దమ్మ రంగు వెతుక్కుంటూ జంషెడ్‌పూర్

పోయిన కార్తీకంలో నేను జంషెడ్‌పూర్ వెళ్లింది ఊరు చూడటానికి కాదు, చేసిన ఒక వెధవ పనిని దిద్దుకోవడానికి. అంతకు ముందు ఏడాది ఇదే మాసంలో మా పెద్దమ్మ ఇంటికి వెళ్లినప్పుడు, కొత్తగా కొన్న డిజిటల్ కెమెరాతో ఆమెను వరండాలో కూర్చోబెట్టి నాలుగు ఫొటోలు తీశాను. మూడు వారాలకి ఆమె పక్షవాతం వచ్చి పోయింది. వాటికి మించిన ఫొటో ఇంట్లో ఇంకోటి లేదు. సంవత్సరీకానికి గోడకు తగిలించుకుంటారని వాటిలో మంచిదాన్ని కంప్యూటర్లో దిద్ది, విశాఖలో పెద్ద ప్రింటు వేయించి, ఫ్రేము కట్టించి పంపాను. పార్సిల్ అందిన సాయంత్రమే మా పెద్దమ్మ కూతురు పైడక్క ఫోను చేసింది.

"ఒరే తమ్ముడూ, ఆ ఫొటోకి ఏటి సేసినావురా? నాన్న కాయితం ఇప్పి సూసి, ఈవిడెవరే అని నన్నడుగుతన్నాడు. గోడకి తగిలించనివ్వటం నేదు."

"రంగు బాగా వచ్చింది కదక్కా, ఇక్కడ చూసినవాళ్లందరూ మెచ్చుకున్నారు" అన్నాను.

"బాగుంటే ఏటి? మా అమ్మలాగ ఉండొద్దా?" అని ఫోను పెట్టేసింది.

నాకు ముందు కోపం వచ్చింది. రెండు రాత్రులు కూర్చుని చేసిన పని అది. కోపం దిగాక ఫైలు తెరిచి చూశాను. పెద్దమ్మది నల్లటి నలుపు. ఫొటోలో ఉన్నావిడ పసుపు రాసుకుని అప్పుడే స్నానం చేసి వచ్చిన దొరసానిలా ఉంది. అక్క అన్నమాట నిజమే. కానీ తప్పు ఎక్కడ జరిగిందో తెలియలేదు. బ్యాంకులో నాలుగు రోజులు సెలవు పెట్టి, ల్యాప్‌టాప్ సంచిలో వేసుకుని, సంవత్సరీకానికి ఒకరోజు ముందు చేరేలా బయల్దేరాను.

వెళ్లాలనుకునేవాళ్ల కోసం దారి చెబుతాను. విశాఖలో సాయంత్రం హౌరా వైపు వెళ్లే బండి ఎక్కితే తెల్లవారుజామున ఖరగ్‌పూర్‌లో దిగవచ్చు. స్లీపరు టికెట్టు మూడు వందల లోపే అయింది. అక్కడ ప్లాట్‌ఫారం మీద పూరీ, బంగాళదుంప కూర తిని టాటానగర్ వైపు వెళ్లే బండి పట్టుకుంటే రెండున్నర గంటల ప్రయాణం. ఘాట్‌శిలా దాటాక కిటికీలోంచి కొండలు, సాలవృక్షాలు కనబడతాయి. ఎడమవైపు సీటు దొరికితే వదులుకోకండి. నేను మాత్రం ఆ దారంతా ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని పెద్దమ్మ ముఖంతో కుస్తీ పట్టాను.

డిజిటల్‌కి కొత్తగా మారినవాళ్ల కోసం ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. మన కన్ను మహా మోసకారి. బల్బు కింద, ట్యూబులైటు కింద, ఎండలో, నీడలో తెల్ల కాగితాన్ని తెల్లగానే చూపిస్తుంది. నిజానికి ఒక్కో వెలుగుకు ఒక్కో రంగుంటుంది. కెమెరా ఆ రంగును ఉన్నదున్నట్టు పట్టేస్తుంది. తెలుపును మళ్లీ తెలుపుగా చూపించడానికి ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లు సరిచేయాలి. దాన్నే వైట్ బ్యాలెన్స్ అంటారు. మామూలు జేపెగ్ ఫొటో అయితే కెమెరాయే ఆ లెక్క తేల్చి, రంగులు కలిపేసి, కూర వండి గిన్నెలో పెట్టేస్తుంది. రా అని, అంటే పచ్చిదని, ఇంకో రకం ఫైలు ఉంటుంది, అందులో అలా కాదు. సెన్సరు మీద పడిన వెలుగు కొలతలు పచ్చి కూరగాయల్లా విడివిడిగా ఉంటాయి. వైట్ బ్యాలెన్స్ పక్కన రాసి పెట్టిన చీటీ మాత్రమే. ఆ చీటీ ఎప్పుడైనా మార్చుకోవచ్చు, అసలు ఫైలుకి నష్టం ఉండదు. నేను రాలో తీశాను గనకే ఈ ప్రయాణానికి అర్థముంది.

అయితే చీటీ మీద ఏం రాయాలో ఎవరు చెప్పాలి? ఫొటోలో ఏ రంగూ అంటని తెలుపో బూడిదరంగో ఉంటే, దాని మీద నొక్కితే చాలు, సాఫ్ట్‌వేరు మిగతాదంతా సరిచేసుకుంటుంది. పెద్దమ్మ వెనక తీగ మీద పెదనాన్న తెల్ల పంచె ఆరేసి ఉంది. నేను దాని మీద నొక్కాను. తెల్ల పంచె కన్నా తెల్లనిది ఏముంటుంది? రైల్లో కూడా మళ్లీ మళ్లీ అక్కడే నొక్కాను. మళ్లీ మళ్లీ ఆ దొరసానే వచ్చింది.

టాటానగర్‌లో దిగేసరికి ఎనిమిదైంది. స్టేషన్ బయట ఒక ఆటోవాడు "కహాఁ జానా హై?" అన్నాడు. అక్కావాళ్లుండే పేట పేరు చెప్పాను, బర్మామైన్స్ అని. ఈలోగా అక్క ఫోను చేస్తే తెలుగులో మాట్లాడటం విని అతని ముఖం వెలిగింది.

"మనోళ్లేనా! మాది టెక్కలి దగ్గరండి బాబూ. నాను ఇక్కడే పుట్నాను. ఎవరింటికి?"

చెప్పాను. "భట్టీ తాతగారిల్లా! ఎక్కండి ఎక్కండి" అన్నాడు. పేరు గౌరయ్యట. కొలిమి దగ్గర పనిచేసిన మనిషి కనక మా పెదనాన్నను ఆ వీధుల్లో అలాగే పిలుస్తారు. మనిషికి ఐదు రూపాయలిస్తే షేరింగ్ ఆటోలు దొరుకుతాయి. నేను తొందరలో ఉండి విడిగా మాట్లాడుకుంటే నలభై తీసుకున్నాడు. పట్టాల పక్క సందుల్లో, గోడల మీద ఎర్రటి ధూళి పేరుకున్న ఇళ్ల మధ్య నుంచి పది నిమిషాల్లో ఇంటి ముందు దింపాడు. అక్క అతన్ని కూడా టీకి ఆపింది.

నేను పంపిన ఫ్రేము గోడ వైపు తిప్పి, నేల మీద పెట్టి ఉంది. పెదనాన్న మంచం మీద కూర్చుని ఉన్నాడు. కుడి కన్నుకి శుక్లం ఆపరేషన్ అయింది, ఎడమ కన్నుకి ఇంకా కాలేదు. పెద్దమ్మ బతికుండగా ఆపరేషన్ చేయించుకోమని ఏళ్ల తరబడి పోరింది. ఈయన ఇదిగో అదిగో అంటూ గడిపేశాడు. ఆమె పోయిన నాలుగు నెలలకు తనంతట తనే ఆస్పత్రికి వెళ్లాడు.

"వచ్చినావా నాయనా, కూకో" అన్నాడు. టీ తాగి గ్లాసు కింద పెట్టాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు: "ఈ ఎడం కన్నుకి అన్నీ పసుపుగా, మసగ్గా ఉంటాయి. కుడి కన్ను సేయించినాక, ఓలమ్మ, తెలుపంటే ఇలగుంటాదా అనిపించింది. ఆకాశం అంత నీలమని మర్సిపోనాను. మరి ఈ కన్నుతో దాన్ని ఒక్కసారి సూడనేదురా. ఫొటోలోనైనా సూద్దారనుకున్నాను. నువ్వేమో ఇంకెవరినో పంపినావు."

ఆయనకు కావలసింది గోడకు అలంకారం కాదని అప్పుడు అర్థమైంది. మంచి కన్ను వచ్చింది, చూడాల్సిన మనిషి లేదు. ఆమెను చూడటానికి ఆయనకు మిగిలింది నా ఫైలొక్కటే. దాన్ని నేను పాడుచేశాను.

ల్యాప్‌టాప్ తెరిచి అక్కకు చూపించాను. పంచె మీద నొక్కానని చెప్పగానే ఆమె నోటి మీద చెయ్యి వేసుకుంది. "ఆ పంచె తెలుపేట్రా? అమ్మ నీలిమందు ఎంత దండిగా ఏసీదో తెల్దా నీకు? ఎర్ర దుమ్ముకి బట్టలు మాసిపోతన్నాయని రెండు మూతలు ఎక్కువే ఒంపీది. నాన్న పంచెలన్నీ లేత నీలమే!" అంటూ పెట్టెలోంచి ఒకటి తీసి నా చేతిలో పెట్టింది. గుమ్మంలోకి తెచ్చి కాగితం పక్కన పెట్టి చూస్తే నిజంగానే నీలం. కంటికి తెల్లగా మెరవడానికే కదా నీలం పెట్టేది! నేను ఆ నీలాన్ని తెలుపని చెబితే సాఫ్ట్‌వేరు నమ్మి, ఫొటో అంతటా పసుపు పులిమింది. అది చాలక పంచె ఉన్నది ఎండలో, పెద్దమ్మ కూర్చున్నది వరండాలో, ఆకుపచ్చ ఫైబరు రేకు నీడలో. ముఖం మీద మిగిలిపోయిన పచ్చదనాన్ని కప్పెట్టడానికి నేను ఇష్టమొచ్చినట్టు గులాబీ వైపు లాగి, వెలుతురు కూడా పెంచాను. ఇన్ని చేసి రంగు బాగుంది కదా అని వాదించినవాణ్ణి నేను.

ఇంక దారి ఒకటే. సంచిలో బూడిదరంగు కార్డు ఉంది. ఏ రంగు వైపూ మొగ్గని బూడిద అది. అదే చోట, అదే వేళ, అదే వెలుగులో కార్డును ఫొటో తీస్తే, దాని లెక్కను పెద్దమ్మ ఫైలుకు ఎక్కించవచ్చు. ఏడాది తిరిగింది కనక సూర్యుడు దాదాపు అక్కడికే వచ్చి ఉంటాడు. పాత ఫైలులో కెమెరా రాసుకున్న వేళ చూశాను, పదీ పది. టైము ఎనిమిదీ ముప్పావు. హమ్మయ్య అనుకుని వరండాలోకి వచ్చి పైకి చూస్తే ఆకుపచ్చ రేకు లేదు. కొత్త సిమెంటు రేకులు వేసి ఉన్నాయి.

"రేపు సుట్టాలొస్తారని మీ బావ మార్పించినాడు" అంది అక్క బిక్కముఖం వేసి. లోపల్నుంచి బావ వచ్చాడు. సంగతి విని, "పాతది అమ్మీలేదు, పెరట్లో బొగ్గుల మీద కప్పినాను" అన్నాడు. నలుగురం పరిగెత్తాం. రేకు ఉంది, ఒక మూల విరిగి, బొగ్గు మసి పట్టి. దాన్ని బయటికి లాగి, నీళ్లు పోసి, పాత గోనెపట్టాతో తుడిచాం. టీ తాగి వెళ్లిపోవలసిన గౌరయ్య ఆటో తాళాలు జేబులో వేసుకుని చొక్కా చేతులు మడిచాడు.

పదిదాకా ఆగాలి. పెదనాన్న నా పక్కన స్టూలు మీద కూర్చుని తెర మీద అంకెలు ఏమిటని అడిగాడు. వెలుగు రంగును కెల్విన్‌లలో కొలుస్తారని, బల్బుది మూడు వేల లోపు, మధ్యాహ్నపు ఎండది అయిదున్నర వేలు, నీడది ఏడు వేలు దాటుతుందని చెప్పాను. కాల్చిన ఇనుము రంగులోంచి పుట్టిన లెక్కే అదని చెబుతుండగానే ఆయన చేత్తో ఆపాడు.

"అది నాకు సెప్తావేటి నాయనా? ముప్పయ్యేళ్లు నీలి అద్దంలోంచి కొలిమి సూసినోణ్ణి. ఎర్రగా ఉంటే మా ఏడి అనుకుంటారు జనం. ఎరుపు ఇంకా సల్లనిదే. ఏడి ఎక్కీకొద్దీ పసుపౌతది, తెలుపౌతది, ఇంకా ఎక్కితే నీలం కొడతది. మరి నీ మిషన్లో నంబరు పెంచితే ఫొటో నీలం అవ్వాల కదా, పసుపెందుకౌతంది?"

ఎన్ని పుస్తకాలు చదివినా నన్ను మొదట్లో తికమక పెట్టిన ప్రశ్నే ఇది. "వెలుగు అంత నీలంగా ఉందని మనం దానికి చెబుతాం పెదనాన్నా. అది ఆ నీలాన్ని కొట్టేయడానికి పసుపు కలుపుతుంది" అన్నాను.

"ఓహో, ఎదురు తిప్పుతాదన్నమాట" అని తలాడించాడు.

పదవుతుండగా బావ ఒక కొస, గౌరయ్య ఒక కొస పట్టుకుని, రెండు స్టూళ్లెక్కి కొత్త వాసం ముందు, పాతది ఎంత ఎత్తులో ఉండేదో అంత ఎత్తులో రేకు ఎత్తి నిలబెట్టారు. పొద్దుటి ఎండ ఏటవాలుగా దానిలోంచి దిగి వరండా గచ్చు మీద పచ్చగా పరుచుకుంది. "ఆగు, ఆగు, ఇంకాస్త ఇటు" అని అక్క పాత ఫొటో చూస్తూ చెబుతోంది. కుర్చీ సరిగ్గా అక్కడే వేశాం. కార్డు పట్టుకోవడానికి ఎవరైనా కూర్చోవాలి. నేను అడగకముందే పెదనాన్న లేచి వెళ్లి ఆమె కుర్చీలో కూర్చున్నాడు.

"ఎక్కడ పట్టుకోమంటావు?"

"పెద్దమ్మ ముఖం ఉన్న చోట" అన్నాను.

ఆయన కార్డును ముఖానికి అడ్డంగా ఎత్తి పట్టుకున్నాడు. పదీ పదికి మూడు షాట్లు తీశాను. అన్నీ రాలోనే. కార్డు వెనక ఆయన భుజాలు కదలడం వ్యూఫైండర్‌లో కనిపించింది. "అయిపోయింది" అన్నాక కూడా ఆయన వెంటనే కార్డు దించలేదు. బావ, గౌరయ్య చేతులు లాగేస్తున్నా ఆయన లేచేదాకా రేకు అలాగే పట్టుకుని నిలబడ్డారు.

తర్వాత పని రెండు నిమిషాలది. కార్డు మీద నొక్కితే రెండు అంకెలు వచ్చాయి. ఒకటి వెలుగు ఎంత పసుపో నీలమో చెప్పేది, రెండోది ఎంత ఆకుపచ్చో గులాబీయో చెప్పేది. బల్బుకీ ఎండకీ మొదటిదే చాలావరకు సరిపోతుంది. ఇలాంటి రేకుల కింద రెండోది లేకపోతే పని జరగదు. ఆ రెంటినీ పెద్దమ్మ ఫైలుకు ఎక్కించి, నేను పెంచిన వెలుతురు తీసేశాను. తెర మీద ముఖం మారింది. అక్క "అమ్మా" అని ఒక్క కేక వేసి కొంగు నోట్లో కుక్కుకుంది.

పెదనాన్న మాత్రం తెర వైపు చూడలేదు. "ఎలిగే అద్దంలో రంగు నమ్మకూడదు. కాయితం మీద తే" అన్నాడు.

గౌరయ్య ఆటోలోనే సాక్చి బజారుకి వెళ్లాను. డబ్బులు వద్దంటే బలవంతాన జేబులో పెట్టాను. అక్కడ కంప్యూటర్ ప్రింట్లు వేసే స్టూడియోలు వరసగా ఉన్నాయి. పెద్ద ప్రింటుకి నూట యాభై అడిగారు, గంటన్నరలో ఇస్తామన్నారు. మిషను దగ్గర కూర్చున్నాయన ఫొటో చూసి సానుభూతిగా, "ఆంటీ బహుత్ డార్క్ ఆ రహీ హైఁ. థోడా గోరా కర్ దూఁ?" అన్నాడు. ఆంటీ మరీ నల్లగా పడ్డారు, కాస్త తెల్లగా చేయనా అని.

"మత్ కీజియే భయ్యా" అన్నాను. "ఐసీ హీ థీఁ." వద్దు, ఆవిడ ఇలాగే ఉండేది అని.

మిషను తనంతట తాను రంగు దిద్దే ఆటో కరెక్షన్ కూడా ఆపించి, ముందు చిన్న ప్రింటు వేయించుకుని, కొట్లో ట్యూబులైటు కింద కాకుండా మెట్ల మీదికి తెచ్చి పగటి వెలుగులో చూసుకున్నాకే పెద్దది వేయమన్నాను.

మూడు గంటలకి ఇంటికి చేరాను. పెదనాన్న ప్రింటు తీసుకుని వీధి గుమ్మం దాటి ఆరుబయటికి నడిచాడు. ముందు కుడి కన్ను మూసి ఎడమ కంటితో చూశాడు. తర్వాత ఎడమ కన్ను అరచేత్తో మూసుకుని కుడి కంటితో చూశాడు. సందులో వచ్చేపోయేవాళ్లు సైకిళ్లు పక్కకి తిప్పుకుని వెళ్తున్నారు.

"ఆ కన్నుకి ఆకరి రోజుల్లో మనిషి అవుపిత్తంది" అన్నాడు చివరికి. "ఈ కన్నుకి, పెళ్లైన కొత్తలో నా ఎనకాల టాటా టేసన్లో బండి దిగింది సూడు, ఆ మనిషి అవుపిత్తంది. ఎంత నల్లగా ఉండీదిరా! నిగనిగలాడిపోయీది. తెల్లగా ఉండాలని నానెప్పుడూ అనుకోనేదు."

అప్పుడు నావైపు కాదు, ప్రింటు వైపు వంగి, పక్క మనిషితో మాట్లాడినట్టు మెల్లగా అన్నాడు: "సేయించుకున్నానే ఆపరేషను. బాగా అవుపిత్తన్నావు."

నేను అక్కడ నిలబడలేకపోయాను. లోపలికొచ్చి గోడవైపు తిప్పి ఉన్న ఫ్రేము మేకులు ఊడదీసి, నేను చేసిన ప్రింటు ముక్కలు ముక్కలుగా చించేశాను. మర్నాడు పెద్దమ్మ తన రంగులో, తన గోడ మీద, బంతిపూల దండతో ఉంది. చుట్టాల్లో ఒకావిడ "ఫొటో నల్లగా పడిందేటి?" అంటే, పెదనాన్న ఒకే ఒక్క మాట "సరిగ్గా పడింది" అన్నాడు.

తిరుగు బండిలో నన్ను తొలిచేసింది సాంకేతికమైన తప్పు కాదు. పంచె నీలాన్ని నేను పసిగట్టలేకపోవడం పెద్ద నేరమేమీ కాదు, ఎవరికైనా జరుగుతుంది. కానీ పసుపుగా, తెల్లగా వచ్చిన ముఖాన్ని చూసి ఇదేదో బాగుందే అని ఆగిపోయింది నేనే. ఆమె నలుపు నా కంటికి సరిచేయవలసిన లోపంలా కనిపించింది. చిన్నప్పటి నుంచి నన్ను ఎత్తుకు తిరిగిన చేతుల రంగది. ఆ మాట రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను. రా ఫైలు ఎంత నిజాయితీగా ఉన్నా, దాని ముందు కూర్చున్నవాడు నిజం ఒప్పుకోకపోతే ఏ సాఫ్ట్‌వేరూ ఏమీ చేయలేదు.

ఒక్క సలహా. పెద్దవాళ్లను ఫొటో తీసేటప్పుడు రాలో తీయండి, మొదటి షాటులో వాళ్ల చేతికి బూడిదరంగు కార్డు ఇచ్చి ముఖం పక్కన పట్టుకోమనండి. తెల్ల బట్టల్ని నమ్మకండి. అర నిమిషం పని, రెండు వందల లోపు ఖర్చు. ఆ రోజు నా సంచిలో కార్డు ఉంది. పట్టుకో పెద్దమ్మా అంటే, ఎందుకని కూడా అడక్కుండా పట్టుకునేది. నేనే బద్ధకించి అడగలేదు.